ఇటుకలు మోసే చేతికి ఇనుమెందుకు?

'పొద్దస్తమానం ఇటుకలూ ఇసుకా మోసి వస్తున్నావు. మళ్లీ ఆ జిమ్మెందుకురా?'... బిల్డింగు పనికి వెళ్లే కుర్రాడు సాయంత్రం స్నానం చేసి, భుజాన తువ్వాలు వేసుకుని మళ్లీ బయల్దేరితే ఇంట్లో పెద్దవాళ్లు వేసే ప్రశ్న ఇది. వాళ్ల మాటలో న్యాయముంది. కుర్రాడి ముచ్చటలోనూ న్యాయముంది. ఆ రెంటికీ రాజీ కుదిర్చేవి మాత్రం... కంచం, మంచం!

జిమ్ అంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకునే రోజులు పోయాయి. 2007లో 'దేశముదురు' సినిమాలో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్‌తో కనిపించాక తెలుగు కుర్రకారుకి ఆ మోజు బాగా పట్టుకుంది. ఇప్పుడు బస్తీల్లో, చిన్న ఊళ్లలో కూడా జిమ్‌లున్నాయి. వాటిల్లో సాయంత్రాలు కనిపించేవాళ్లలో సెంట్రింగ్ కుర్రాళ్లున్నారు, టైల్స్ వేసేవాళ్లున్నారు, తాపీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్లున్నారు.

తప్పేమీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం రాసిన చార్టునే వీళ్లూ పట్టుకుంటున్నారు. వారానికి ఆరు రోజులు కసరత్తు, అన్నం బంద్, రాత్రికి రెండు పుల్కాలు! పగలు ఎనిమిది గంటలు సిమెంటు మోసే ఒంటికి ఈ లెక్క సరిపడదు. నాలుగు వారాలు తిరక్కుండానే నడుం పట్టేస్తుంది, పనికి నాగా పడుతుంది. రోజుకూలి మీద నడిచే ఇంట్లో నాగా అంటే ఆ పూట పొయ్యికి తెలిసే సంగతి.

పని వేరు... కసరత్తు వేరు

'ఒళ్లు వంచి పనిచేసేవాడికి వేరే వ్యాయామం ఎందుకు' అన్నది మనందరికీ తెలిసిన మాటే. అది సగమే నిజం. జిమ్‌లో బరువు ఎంత ఎత్తాలో మనిష్టం. పదిసార్లు ఎత్తి రెండు నిమిషాలు ఆగొచ్చు. ఇవాళ ఛాతీ అయితే రేపు కాళ్లు. నొప్పి అనిపిస్తే ఆపేయొచ్చు. పనిచోట ఇవేవీ కుదరవు. బరువు ఎంతో మేస్త్రీ చెబుతాడు. స్లాబు వేసే రోజైతే మాలు ఆగదు కాబట్టి మనిషీ ఆగకూడదు. పైగా రోజంతా ఒకటే కదలిక. టైల్స్ వేసేవాళ్లకి మోకాళ్లు, కడ్డీలు కట్టేవాళ్లకి నడుం, సీలింగుకి పూత పూసేవాళ్లకి భుజాలు, తట్ట మోసేవాళ్లకి మెడ... అదే చోట, అదే ఒత్తిడి.

ఈ తేడాకి పరిశోధకులు 'ఫిజికల్ యాక్టివిటీ ప్యారడాక్స్' అని పేరు పెట్టారు. తీరిక వేళల్లో చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంటే, బతుకుతెరువు కోసం చేసే బరువుపని ఆ మేలు చేయకపోగా కొన్నిసార్లు కీడూ చేస్తోందన్నది దాని సారాంశం. 2018లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్' ప్రచురించిన విశ్లేషణలో 1.9 లక్షలమందికి పైగా వివరాలు చూశారు. తక్కువ శ్రమ ఉన్న ఉద్యోగాలు చేసే మగవాళ్లతో పోలిస్తే బాగా శ్రమపడే మగవాళ్లలో అకాల మరణం ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో లక్షమందికి పైగా జనాన్ని పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలోనూ అదే ధోరణి తేలింది. శ్రామికుల పేదరికం, పొగతాగే అలవాటు లాంటివి ఈ లెక్కల్లో ఎంత కలిశాయన్న చర్చ ఇంకా ఉంది. అయినా శాస్త్రవేత్తలు చూపే కారణాలు ఆలోచించదగ్గవి. పనిలో గుండె గంటల తరబడి వేగంగా కొట్టుకుంటుంది. బరువెత్తినప్పుడల్లా రక్తపోటు పెరుగుతుంది. ఒళ్లు తేరుకునే వ్యవధే ఉండదు.

ఇంకో లెక్క. అంతా అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తడానికి 23 కిలోలు హద్దుగా పెట్టుకోవాలని అమెరికాలోని వృత్తి భద్రత సంస్థ 'నియోష్' లెక్కగట్టింది. మన సిమెంటు బస్తా 50 కిలోలు!

అందుకే పనిచేసే మనిషికి కసరత్తు అక్కర్లేదనలేం. ఎంత చేయాలి, ఏది చేయాలి అన్నదే ప్రశ్న.

ఆర్నాల్డ్ ఇటుకల కాంట్రాక్టు

ఈ రెండు పడవల ప్రయాణం కొత్తదేం కాదు. కండలవీరుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ అమెరికా వెళ్లిన కొత్తల్లో తోటి బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబుతో కలిసి లాస్‌ఏంజెలెస్‌లో ఇటుకపని కాంట్రాక్టులు చేశాడు. 1971లో అక్కడి శాన్‌ఫెర్నాండో లోయలో భూకంపం వచ్చి గోడలూ చిమ్నీలూ కూలడంతో వాళ్లకి చేతినిండా పని దొరికింది. ఆ పని చేస్తూనే జిమ్‌కీ వెళ్లారు. ఆర్నాల్డ్ 1970 నుంచి వరసగా ఆరేళ్లు 'మిస్టర్ ఒలింపియా' గెలిస్తే, ఫ్రాంకో 1976లోనూ 1981లోనూ గెలిచాడు.

మన దేశంలోనూ ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌కి చెందిన రామ్‌బాబూ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఉపాధిహామీ పనికి వెళ్లాడు. ఆ మనిషే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మంజురాణితో కలిసి 35 కిలోమీటర్ల నడక పందెంలో కాంస్యం తెచ్చాడు.

అయితే ఓ సంగతి మరిచిపోకూడదు. ఆర్నాల్డ్, ఫ్రాంకోలు తమ పనికి తామే యజమానులు. ఎప్పుడు చేయాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతుల్లోనే ఉండేది. అడ్డా మీద నిలబడి పని వెతుక్కునే మనిషికి ఆ వెసులుబాటు లేదు. అందుకే అతను తగ్గించుకోవాల్సింది జిమ్‌నే.

రెండు మూడు రోజులు చాలు

పెద్దవాళ్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. బరువుపని చేసేవాళ్లు రెండు, మహా అయితే మూడు రోజులు పెట్టుకుంటే చాలు. అదీ ముప్పావు గంట.

పనిలో అరిగే భాగాలనే జిమ్‌లోనూ అరగదీయకూడదు. రోజంతా ముందుకు వంగి పనిచేసేవాళ్లు వీపు వెనక కండరాలకు, పిరుదులకు, పొట్టకు బలమిచ్చే వ్యాయామాలు ఎంచుకోవాలి. బరువును ఛాతీవైపు లాగే 'రోయింగ్', కదలకుండా నిలిపే 'ప్లాంక్' లాంటివి అందుకు పనికొస్తాయి. పగలంతా చేతులు పైకెత్తి పూత పూసినవాళ్లు ఆ సాయంత్రం మళ్లీ తలమీదికి బరువులెత్తడం భుజాలకు శిక్షే. కుడిచేత్తోనే తట్ట పట్టేవాళ్లు ఎడమవైపునీ బలపరచుకోవాలి.

ఇక ఒంట్లో సత్తువంతా అయిపోయేదాకా చేయడం ఇలాంటివాళ్లకి పనికిరాదు. ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలం అనిపించినప్పుడే ఆపాలి. కారణం సులువే. నిన్న కాళ్ల కసరత్తు చేసి తొడలు పట్టేసిన మనిషి ఇవాళ పరంజా ఎక్కాలి. జిమ్‌లో కాలు వణికితే నవ్వుతారు, నాలుగో అంతస్తులో వణికితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి కాళ్ల వ్యాయామం సెలవుకి ముందురోజు సాయంత్రం పెట్టుకోవడం మేలు. స్లాబు వేసిన రోజు జిమ్‌కి సెలవు.

నిద్రలేవగానే గుండెదడ, ఇనుప కడ్డీ పట్టుకుంటే పిడికిలి బిగియకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు... ఇవన్నీ ఒళ్లు తేరుకోవట్లేదన్న సూచనలు. కనిపిస్తే వారంపాటు కసరత్తు మానేయాలి. ఒళ్లు విపరీతంగా నొప్పులు పెట్టి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ముప్పు తెచ్చే స్థితి కావచ్చది.

కంచంలో కొలత

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం 65 కిలోల బరువున్న మగవాళ్లు కూర్చుని పనిచేస్తే రోజుకి 2110 కేలరీలు చాలు. బరువుపని చేసేవాళ్లకి 3470 కావాలి. తేడా 1360 కేలరీలు! అన్నం మానేసి బరువుపని చేయడమంటే డీజిల్ పోయకుండా మిక్సర్ తిప్పడమే. పొట్ట తగ్గాలనుకున్నా ఒక్కసారిగా కోతపెట్టకూడదు. నూనె వేపుళ్లు, చక్కెర పానీయాలు, మందుతో పాటు వచ్చే మసాలా ముక్కలు మానేస్తే చాలావరకు అదే దారికొస్తుంది.

మాంసకృత్తుల సంగతికొస్తే, మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల చొప్పున రోజుకి 54 గ్రాములు చాలని అదే సంస్థ అంటోంది. కండ పెంచే కసరత్తు చేసేవాళ్లకి కిలోకి 1.4 గ్రాములకు తగ్గకుండా ఉంటే మంచిదని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే 65 కిలోల మనిషికి 90 గ్రాములు దాటాలి. 'అంటే డబ్బా కొనాల్సిందేనా' అనుకోనక్కర్లేదు. నాలుగు గుడ్లలో 24 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో (50 గ్రాములు) 12, ముప్పావు గిద్దెడు కాదు... 75 గ్రాముల కందిపప్పులో 16, అర లీటరు పాలూ పెరుగులో 16, 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 25. మొత్తం 93 గ్రాములు. బియ్యం నుంచి వచ్చేది దీనికి అదనం. మీల్‌మేకర్ బదులు 100 గ్రాముల చికెన్ తిన్నా 20 గ్రాములు వస్తాయి. కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. 'త్వరగా కండ వస్తుంది' అంటూ ఎవరైనా ఇంజెక్షన్ చూపిస్తే ఆ జిమ్‌కే దణ్ణం పెట్టేయాలి.

ఎప్పుడు తినాలన్నదీ ముఖ్యమే. పరగడుపున టీ తాగి పనికెళ్లి, మధ్యాహ్నం దాకా బీడీతో నెట్టుకొచ్చే అలవాటు మొదట పోవాలి. పొద్దున్నే పెరుగు కలిపిన చద్దన్నమో, రాగి జావో, దానికి తోడు రెండు గుడ్లో. పది గంటలకి పల్లీపట్టీ. మధ్యాహ్నం అన్నంలో పల్చటి చారు కాదు, గట్టి పప్పూ ఆకుకూరా. జిమ్‌కి గంట ముందు అరటిపండూ ఉడికించిన శనగలూ. రాత్రికి కూర, పెరుగుతో కడుపునిండా భోజనం.

ఎండలో జాగ్రత్త

దాహమేసేదాకా ఆగకుండా ఎండలో పనిచేసేవాళ్లు ప్రతి 15-20 నిమిషాలకి ఓ గ్లాసు నీళ్లు తాగాలని నియోష్ చెబుతోంది. ఒకేసారి లీటర్ల కొద్దీ తాగడమూ మంచిది కాదు. చెమట ధారగా కారే రోజుల్లో ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మన పెద్దలిచ్చిన మందులు. కెఫీన్ దండిగా ఉండే ఎనర్జీ డ్రింకులు, కసరత్తుకి ముందు తాగే పొడులు వేసవిలో దూరం పెట్టాలి. మనవాళ్లు ఎంతోమంది పనిచేసే గల్ఫ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆరుబయట పని నిషేధం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని ఆపాలి. ఎండలో పని ఆపమని చట్టమే చెబుతున్నప్పుడు, అదే రోజు సాయంత్రం రేకుల షెడ్డు జిమ్‌లో చెమటోడ్చడం పౌరుషం అనిపించుకోదు.

మంచం చేసే మేలు

కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత తీసుకునే విశ్రాంతిలో. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున అయిదింటికి లేచేవాళ్లు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పక్క ఎక్కాలి. ఒళ్లు నొప్పులు పోతాయని వేసుకునే మందు నిద్రనీ, ఒంట్లో నీటినీ రెంటినీ చెడగొడుతుంది. ఏ రోజైనా జిమ్మా, నిద్రా అన్న ప్రశ్న వస్తే నిద్రకే ఓటు!

ఆమె మాటేమిటి?

ఈ చర్చంతా మగపిల్లల చుట్టూనే తిరుగుతుంది. అదే పనిచోట తట్ట మోసే ఆడవాళ్లని జిమ్‌కి వెళ్తావా అని ఎవరూ అడగరు. బరువుపని చేసే స్త్రీకి రోజుకి 2720 కేలరీలు అవసరమని పోషకాహార సంస్థ లెక్క. ఆమె మాత్రం తెల్లారకముందే లేచి వండి, అందరికీ పెట్టి, మిగిలింది తిని పనికెళ్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైన ఒంటితో మూడంతస్తులు ఇసుక మోయడమంటే ఏమిటో ఆమెకే తెలియాలి. ఆమెకి కావాల్సింది ముందు ఆకుకూర, పప్పు, గుడ్డు, వైద్యుల సలహాతో ఐరన్ మాత్రలు, సాయంత్రం ఓ అరగంట కాలు చాపుకునే తీరిక.

ఇంట్లో ఒకరు కండలు పెంచాలనుకున్నప్పుడు వంటింటి లెక్క మారుతుంది. గుడ్లూ పాలూ పల్లీలూ ఎక్కువ వస్తాయి. ఆ వచ్చినవి ఒక్క కంచంలోకే వెళ్లకుండా చూసుకుంటే కుర్రాడి సరదా ఇంటందరికీ ఆరోగ్యమవుతుంది. ఇరవై ఏళ్లకి అద్దంలో కనిపించే కండ ముచ్చటే. నలభై అయిదేళ్లకీ నడుం పట్టకుండా పనిలోకి దిగగలిగితే... అదీ అసలైన దేహదారుఢ్యం!