వడ్డీ ఊరు దాటని లెక్క

ఒక పేదింటి ఆమె షావుకారు దగ్గర 10,000 రూపాయలు నెలకు నూటికి 5 వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి 6,000 వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. అదే సొమ్మును తన పొదుపు సంఘంలో నూటికి రూపాయిన్నరకు తీసుకుంటే వడ్డీ 1,800. అదీ షావుకారు పెట్టెలోకి పోదు, తనకూ వాటా ఉన్న ఉమ్మడి నిధిలో పడుతుంది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఐవీడీపీ అనే స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాలను ఎలా ఆదుకుంటోందో తెలియాలంటే ముందు ఈ లెక్క పట్టుకోవాలి.

ఇంటిగ్రేటెడ్ విలేజ్ డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్ అనే ఈ సంస్థను 1979లో కులందై ఫ్రాన్సిస్ పెట్టారు. క్రైస్తవ గురువు కావడానికి చదువుకుని, ఆ దారి వదిలి పల్లెలకు వచ్చిన మనిషి. అంచెట్టి దాపున నాట్రాంపాళ్యంలో రాత్రి బడితో, దెబ్బలకు మందు వేయడంతో పని మొదలైంది. అది వానలు సరిగా పడని మెట్ట సీమ. అందుకే తర్వాత చెక్‌డ్యాముల మీద పడ్డారు, 300కు పైగా కట్టించారు. నీళ్లు నిలిచినా అప్పు తీరదని తెలిశాక, 1989లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెట్టించే పనిలోకి దిగారు. అప్పటికి ఇదంతా ధర్మపురి జిల్లాయే. కృష్ణగిరి విడిపోయింది 2004లో.

సంఘం నడిచే తీరు మన డ్వాక్రా ఎరిగినవాళ్లకు కొత్త కాదు. ఒకే వీధిలో, ఒకరి సంగతి ఒకరికి తెలిసిన 15, 20 మంది ఒకచోట చేరతారు. నెలకు తలా 100 వేస్తే 20 మందికి ఏడాదిలో 24,000 అవుతుంది. ముందు ఆ సొమ్మునే తమలో తాము అప్పుగా తిప్పుకుంటారు. ఎవరికి ముందు ఇవ్వాలో కూర్చుని తేల్చుకుంటారు. విత్తనాలకు అడిగిన ఆమెకన్నా బిడ్డ ఆసుపత్రిలో ఉన్న ఆమెకు ముందు అందుతుంది. కొన్ని నెలలు పుస్తకాలు సరిగా నడిస్తే బ్యాంకు వస్తుంది. హామీగా పొలం కాగితమో నగో అడగదు, సంఘం చరిత్రే హామీ. విడివిడిగా 20 మందికి 5,000 చొప్పున ఇవ్వడం బ్యాంకుకు గిట్టదు. ఒక్క సంఘానికి లక్ష ఇస్తే గిట్టుతుంది. నాబార్డు 1992లో 500 సంఘాలతో ఈ పద్ధతిని పరీక్షకు పెట్టింది. 2012లో ఫ్రాన్సిస్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చేనాటికి ఐవీడీపీ సంఘాలు 8,000 దాటాయి, సభ్యులు లక్షన్నర దాటారు.

సంఘం అన్న పేరే మంచిదని కాదు. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలూ ఆడవాళ్లను గుంపులుగానే కూర్చోబెట్టాయి. వాటి వసూళ్ల దాష్టీకం మీద 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అక్కడ వడ్డీ కంపెనీకి పోయేది, ఇక్కడ సంఘంలో మిగులుతుంది. నా మటుకు సంస్థ పంచే సోలార్ దీపాలు, మరుగుదొడ్లు, పిల్లల చదువు సాయం కన్నా ఈ ఒక్క తేడాయే పెద్దది.

అయితే ఈ ఏర్పాటు నెలనెలా 100 తీయగల చేతుల మీద నిలబడింది. కూలికి పోలేని ముసలమ్మ ఆ 100 ఎక్కడినుంచి తెస్తుంది? కోడలు సంఘంలో ఉంటే ఆమె పేరున తెచ్చిన అప్పుతో అత్తకు కంటి ఆపరేషన్ జరగవచ్చు. కోడలు బెంగళూరుకు పనికి పోతే అదీ లేదు. ఇదే జిల్లాలోని హోసూరు పట్నంలో ఇబ్బంది మరో రకం. సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల చుట్టూ అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఏడాదికో ఇల్లు మారుతుంటే ఒకరికొకరు పూచీ పడేదెలా?

కాబట్టి పెద్దవాళ్ల విషయంలో బరువు సర్కారు మీదే పడుతుంది. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చిచ్చే పథకాన్ని తమిళనాడు 2021 ఆగస్టు 5న ఈ జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. పింఛను మాట వేరు. కేంద్రం వాటా 80 ఏళ్ల లోపు వారికి నెలకు 200, ఆపై వయసుకు 500. 2023 ఆగస్టులో తమిళనాడు మొత్తం పింఛనును 1,200 చేసింది. సరిహద్దు దాటి కుప్పం వైపు వెళ్తే 2024 జులై నుంచి 4,000. రెండు పక్కలా తెలుగు వినిపిస్తుంది. కానీ ముసలితనానికి ఏ రాష్ట్రపు రేషన్ కార్డు ఉందన్నదాన్నిబట్టి చేతికొచ్చేది మూడింతలు మారిపోతుంది. తాలూకాఫీసు కాగితాలు నింపిపెట్టే స్వచ్ఛంద కార్యకర్త కూడా ఆ తేడాను పూడ్చలేడు.

సంఘాన్నీ ముసలితనాన్నీ కలిపి ఆలోచించిన ప్రయత్నం ఒకటి మన దగ్గరే జరిగింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన అభయహస్తం పథకంలో సంఘ సభ్యురాలు రోజుకు రూపాయి వేసేది, ప్రభుత్వం మరో రూపాయి కలిపేది. 60 దాటాక ఆమెకు నెలకు కనీసం 500 పింఛను వచ్చేలా ఏర్పాటు. చేతిలో పని ఉన్నప్పుడే, వేసే సొమ్ములోంచి కొంత పని లేని రోజులకు పక్కన పెట్టించే ఇలాంటి ఖాతా, అప్పు పుస్తకం పక్కనే కృష్ణగిరి సంఘాల్లోనూ ఉండవచ్చు.