కుక్క సినిమా అంటే పిల్లల సినిమాయేనా?

పోస్టరు మీద బొచ్చు కుక్కపిల్ల, పక్కన నవ్వుతున్న బుడతడు. అంతే! "ఇది మన చంటివాళ్ల సినిమారా!" అనుకుని టికెట్లు కొనేస్తాం. చిక్కంతా అక్కడే వస్తుంది. కుక్క ఉన్న ప్రతి సినిమా పిల్లల సినిమా కాదు సుమా!

1985 నాటి హిందీ చిత్రం 'తేరీ మెహర్‌బానియా' సంగతి చూడండి. జాకీ ష్రాఫ్ కథానాయకుడే గానీ, జనం మెచ్చుకున్నది మోతీ అనే కుక్కని. అయితే కథ నిండా హత్యలూ, పగలే! యజమానిని పొట్టన పెట్టుకున్న వాళ్ల మీద ఆ మూగజీవి కసి తీర్చుకుంటుంది. ఐదేళ్ల పిల్లకు చూపించే కథేనా అది? మన రాజేంద్రప్రసాద్ గారి 'టామి' (2015) తీరు వేరు. ఆయన పేరు చూసి కడుపుబ్బ నవ్వుదామని కూర్చున్నవాళ్లకు, యజమాని కోసం ఎదురుచూసే కుక్క కథ కన్నీళ్లు పెట్టిస్తుంది.

సర్టిఫికెట్ చెప్పేదెంత?

'యు', 'ఎ'లకు తోడు 'యుఎ' 1983లో వచ్చింది. 2024 నిబంధనలతో అదే యుఎ 7+, 13+, 16+ అని మూడు మెట్లయింది. మంచిదే. కానీ 'యు' అంటే అందరూ చూడవచ్చని అర్థం, పిల్లల కోసమే తీశారని కాదు. పైగా పిల్లవాడికి కావలసిన అసలు జవాబు, చివర్లో కుక్క బతుకుతుందా లేదా అన్నది, ఏ సర్టిఫికెట్టూ చెప్పదు!

మొన్న నల్గొండ నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మా చిన్నోడికి ఆరేండ్లు. కుక్కపిల్ల సినిమా పెట్టుమని ఒక్కటే లొల్లి. ఏది సూపియ్యమంటవ్?" అని.

2022లో ఓటీటీలో తమిళ, తెలుగు భాషల్లో వచ్చిన 'ఓ మై డాగ్' చూపించమన్నాను. చూపులేని కుక్కపిల్ల సింబాను ఒక కుర్రాడు చేరదీసి పెంచే కథ అది. విజయకుమార్, అరుణ్ విజయ్, అర్ణవ్... తాత, తండ్రి, మనవడు ముగ్గురూ తెర మీద ఉన్నారు. విలన్ క్రూరత్వం దగ్గర పిల్లవాడు బెదిరితే, ఇంట్లోనే కదా, ఆపి మాట్లాడొచ్చు.

అదే ఏడాది వచ్చిన '777 చార్లీ' మాత్రం ఇప్పుడే వద్దన్నాను. రక్షిత్ శెట్టి చక్కగా నటించారు, చార్లీ అల్లరి చూస్తే నవ్వాగదు. కానీ ఆ కుక్కకు క్యాన్సర్. నవ్వించిన నేస్తమే ఆఖరున కన్నుమూస్తుంది. ఆరేళ్లవాడు "మళ్లీ ఎప్పుడు లేస్తది?" అని అడిగితే ఏం చెబుతాం? పదేళ్లు దాటాక, పెద్దల పక్కన కూర్చుని చూడదగ్గ మంచి చిత్రమిది.

తెర కుక్క వేరు, వీధి కుక్క వేరు

అసలు భయం సినిమా అయిపోయాక మొదలవుతుంది. తెర మీది కుక్క శిక్షణ పొందింది, కెమెరా వెనకాల దాని శిక్షకుడు ఉంటాడు. సందు చివరి కుక్కకు ఆ సంగతులేం తెలుసు? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. మరుసటి ఏడాది అదే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో సుమారు 20 వీధి కుక్కలను తుపాకులతో కాల్చి చంపారు. ఒకచోట పసివాడు, ఇంకోచోట మూగజీవాలు! మన పిల్లలకు కుక్కంటే వణుకూ ఉండకూడదు, కసీ ఉండకూడదు. మంచి కుక్క సినిమా నేర్పగలిగింది ఆ మధ్య దారే.

అందుకే సినిమా కాగానే నాలుగు ముక్కలు చెప్పండి. తెలియని కుక్క మీద చెయ్యి వెయ్యొద్దు. తింటున్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు దాని దగ్గరికి పోవద్దు. వెంటబడితే పరుగెత్తొద్దు. గీరినా, కరిచినా ఇంట్లో దాచొద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకా కోసం ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సినిమాకు తీసుకెళ్లేది చాలాసార్లు మీరే కదా! ముందుగా చూసినవాళ్లను ఒక్క మాట అడగండి: "చివర్లో కుక్క బతుకుతుందా?" హాల్లో పిల్లవాడు మీ చొక్కా పట్టుకుని "ఇంటికి పోదాం" అంటే, టికెట్ డబ్బుల గురించి ఆలోచించకుండా లేచి వచ్చెయ్యండి.