తొలి పూత, తుది పంట



పువ్వు పుట్టగనే పరిమళించునని పెద్దలమాట. అది సత్యమే. కాని పరిమళించిన పువ్వెల్ల కాయ యగునని ఆ సామెత చెప్పలేదు. ఈ భేదమును గుర్తింపకయే మనము బాలురను గూర్చి తీర్పులు చెప్పుచుందుము. క్రికెట్టు ఆటగాడు అంబటి రాయుడు ఆటనుండి విరమించిన సందర్భమును ఆధారముగా గొని, యీ విషయమును నేడు మీతో ముచ్చటింప దలచితిని.

2023 మే 29వ తేదీ రాత్రి అహమ్మదాబాదులో ఐ.పి.ఎల్. తుదిపోటీ జరిగెను. అదియే తన కడపటి ఐ.పి.ఎల్. ఆట యని రాయుడు ముందే ప్రకటించి యుండెను. వాన యడ్డుపడుటచే ఆట అర్ధరాత్రి దాటువరకు సాగెను. అతడు 8 బంతులలో 19 పరుగులు చేసి వెడలెను. చెన్నై జట్టు గెలిచెను. తరువాతి సంతనాడు పెదబయలులో, పసుపు బస్తాలకును అడ్డాకుల కట్టలకును నడుమ, టీ దుకాణము ముందు అదియే ప్రసంగము. "పదునేడేండ్లకే మెరసినవాడు, ఒక్క టెస్టు ఆటయైన ఆడకయే పోయెను గదా!" అని యొక పెద్ద విచారించెను. "అతనికి అన్యాయము జరిగినది, తాతా!" అని కళాశాలలో చదువు కుర్రవాడొకడు వాదించెను. "ఆరు మారులు కప్పు గెలిచినవానికై మీకీ దుఃఖమేల?" అని మూడవవాడు నవ్వెను. ఈ మూడు మాటలలో ఏది సరియైనదో విచారింతము.

ముందుగా అతని పని యెట్టిదో తెలియవలెను. మొదట వచ్చు నిద్దరు ఆటగాండ్రు కొత్త బంతి నెదుర్కొందురు. నాలుగవ స్థానమున వచ్చువాడు పూరింటికి నిట్రాట వంటివాడు. ముందువారు త్వరగా పడిపోయినచో జట్టును నిలుపవలెను. వారు నిలిచి ఆడినచో తాను వేగము పెంచవలెను. ఫుట్‌బాలులో మైదానము నడుమ నాడువాని వలెనే యితని పనియు చూచువారి కంటికి వెంటనే యానదు.

ఇక తొలి పూత యెట్టిదో చూడుడు. రాయుడు 1985లో గుంటూరులో జన్మించెను. 2002లో పందొమ్మిదేండ్ల లోపు వారి జట్టుతో ఇంగ్లండుకు వెళ్లి, ఒక్క ఆటలో ఔటు కాకుండ 177 పరుగులు చేసెను. అదే సంవత్సరము రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున, ఆంధ్ర జట్టుపై ఒకే యాటలో 210 పరుగులును, ఔటు కాకుండ 159 పరుగులును చేసెను. అప్పటి కతనికి పదునేడేండ్లు. 2004లో బాలుర ప్రపంచకప్పునందు భారత జట్టుకు నాయకుడయ్యెను. శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్ ఆతని నాయకత్వమున నాడినవారు. వారందరును దేశపు పెద్దజట్టులోనికి అతనికంటె ముందుగనే చేరిరి. అతని వంతు 2013 జూలైలో గాని రాలేదు.

కాఫీ తోటలు గల మీకు దీని కారణము సులభముగా బోధపడును. వేసవి తొలిజల్లునకు మొక్క తెల్లగా విరియబూయును. వెనువెంట రెండవ జల్లు పడనిచో ఆ పూత పిందెగా నిలువదు. రాయుని విషయమున ఆ జల్లు తప్పుటకు అతని తొందరయు కొంత కారణమే. 2007లో క్రికెట్టు బోర్డు గుర్తింపని వేరొక లీగులో అతడు చేరెను. బోర్డు అట్టివారిని బహిష్కరించి, 2009లో క్షమించెను. ఇరువది రెండేండ్లకు మొదలై ఆ విలువైన కాల మట్లు గడచెను.

అయినను దోషమంతయు అతనిదే యనుట న్యాయము గాదు. 2019 ఫిబ్రవరి 3న న్యూజిలాండులోని వెల్లింగ్టన్‌లో భారత జట్టు 18 పరుగులకే నాలుగు వికెట్లు కోల్పోయెను. అప్పుడు రాయుడు 90 పరుగులు చేసి ఆటను నిలబెట్టెను. ఆవలి వైపున అతనికి తోడుగా నిలిచినవాడు విజయ్ శంకర్. పిదప మార్చిలో రాయుడు మూడు ఆటలలో విఫలుడయ్యెను. ఏప్రిలులో ప్రపంచకప్పు జట్టును ప్రకటించినపుడు అతని పేరు లేదు. విజయ్ శంకర్ పేరున్నది. శంకరుడు బ్యాటుతోను, బంతితోను, ఫీల్డింగుతోను మూడు విధముల నుపయోగపడునని ఎంపికసంఘమువారు చెప్పిరి. ఆ పోటీ చూచుటకు మూడు పరిమాణముల కళ్లద్దములు కొంటినని రాయుడు ఎత్తిపొడిచెను. అటుపై గాయపడిన వారి స్థానములలో సైతము ఇతరులనే పిలిచిరి. జూలై 3న అతడు ఆట విరమించుచున్నానని ప్రకటించి, ఆగస్టులో ఆ మాటను వెనుకకు గొనెను. ఆ విరమణ ప్రకటన వెలువడిన వారమునకు సెమీఫైనలులో మన జట్టు 5 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయి, తుదకు ఓడెను. అతడుండిన గెలిచెడివారమని చెప్పజాలము; నిట్రాట లేని లోటు మాత్రము నాడు కనబడెను.

లెక్క చూచినచో 55 వన్డేలలో 1694 పరుగులు, మూడు శతకములు, సగటు 47. ఇది విఫలుని లెక్క గాదు. టెస్టు ఒక్కటియు లేదు, ఇది కొరతయే. కావున సంతలోని మువ్వురును సత్యము పలికినవారే. వారి మాటలను కలిపి చూచినగాని అతని ఆట పూర్తిగా తెలియదు.

సికింద్రాబాదున పుట్టిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీపై గోలు చేసిన ఫుట్‌బాలు వీరుడు. ఊపిరితిత్తుల వ్యాధిచే మూడు పదులు నిండకయే 1963లో ఆట మానెను. అతనిని విఫలుడని యెవరు నందురు? రోగము కంటికి కనబడును గనుక మన్నింతుము. కోపము, తొందర, అదృష్టలోపము కనబడవు గనుక మన్నింపము.

ఇది పరుల కథ మాత్రమే గాదు. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఒక గిరిజన బాలుని సభలో నిలిపి, "ఇతడు కలెక్టరగును" అని పలికితిని. అందరు చప్పట్లు కొట్టిరి. అతడు పట్టా పుచ్చుకొని యూరికే తిరిగి వచ్చెను. నేడు కాఫీతోటలో మిరియపు తీగెలు పెంచుచు, సంతకు వచ్చిన ఇరుగుపొరుగు వారి గింజల తూకము తప్పకుండ సరిచూచుచున్నాడు. వృద్ధులు అతనిని వెదకికొని పోవుదురు. నన్ను చూచినపుడు మాత్రము తలవంచుకొని పక్కకు తొలగును. నేను మెప్పనుకొన్న మాట అతనికి మోయరాని బరువైనదని చాల యాలస్యముగా గ్రహించితిని. తొలగిపోవలసినవాడు అతడు గాడు, నేను.

కనుక పెద్దలారా, మీ గ్రామమున చురుకైన బిడ్డను చూచినపుడు సంతోషింపుడు, కాని భవిష్యత్తును శాసింపకుడు. ఆ బిడ్డ తిరిగి వచ్చిననాడు పాత పూతను తలచి నిట్టూర్పక, చేతనున్న పంటను న్యాయముగా తూచుడు. నేనును వచ్చు సంతకు పోయి, ఆ తక్కెడ వద్దనే అతనిని పలుకరించెదను.

సెలవు.