కెమెరా గుర్తింపని మెమరీ కార్డు

డిజిటల్ కెమెరాలో నుంచు మెమరీ కార్డు తపాలా బిళ్ళయంత వస్తువు. అయినను వడగండ్లకు నేలవ్రాలిన వరి, ముంపున మునిగిన మిరపతోట, బీమా చేయించిన గేదె చెవికి వేసిన బిళ్ళ సంఖ్య, గట్టు కలిసిపోయినచోట నిలిచిన సరిహద్దు రాయి, ఇట్టివాని ఛాయాచిత్రములన్నియు దానియందే యుండును. నీరు తీసిపోయిన పిమ్మట ముంపు చిత్రమును మరల తీయుట యెవరి తరమును గాదు. కావున "కార్డు లేదు" అనియో, "ఈ కార్డు పనికిరాదు" అనియో కెమెరా తెరపై కనబడినప్పుడు సభ్యులు చేయవలసిన దేమో, చేయరాని దేమో యిచట వివరింపదలచితిమి.

చేయరానిది ముందు చెప్పుదుము. కార్డును ఫార్మాట్ చేయుదునా యని కెమెరాయో కంప్యూటరో అడుగును. పలువురు తొందరలో సరేయని నొక్కుచున్నారు. లోపల చిత్రములున్నచో ఆ ప్రశ్నకు వలదనియే జవాబీయవలెను. ఆ కార్డుపై మరియొక చిత్రమైనను తీయరాదు. ఏలయన, కార్డు మన సంఘపు గోదాము వంటిది. ఏ బస్తా ఎచట నున్నదో తెలుపు చిట్టా యొకటి దాని మొదట నుండును. కెమెరా ఆ చిట్టాను జూచియే సరకును తీయును. చిట్టా చిరిగినచో, బస్తాలన్నియు లోపల భద్రముగ నున్నను, గోదాము ఖాళీయనియే కెమెరా పలుకును. ఫార్మాట్ చేయుట యనగా సాధారణముగ చిట్టాను తుడిచి క్రొత్తది వ్రాయుట మాత్రమే. ఆ పిమ్మట తీసిన క్రొత్త చిత్రములు పాత బస్తాలున్న తావుననే చేరి వానిని నాశనము చేయును. నిజమైన నష్ట మప్పుడు కలుగును.

ఇక దోష మెచటనున్నదో కనుగొను విధము. కెమెరాను ఆపి, బ్యాటరీ నిండుగ నున్నదో లేదో చూచి, కార్డును బయటకు తీసి మరల సరిగా నమర్చవలెను. సగము గ్రుచ్చిన కార్డు వలననే యనేక ఫిర్యాదులు కలుగును. కార్డు వెనుక బంగారు వన్నె రేకులుండును. చెమట చేతులతో వానిని తాకుటయు, కార్డును చొక్కా జేబులో పొగాకు పొడితోను చిల్లర డబ్బులతోను కలిపి యుంచుటయు మంచిది కాదు. రేకులపై మురికి యున్నచో పొడి మెత్తని గుడ్డతో మృదువుగా తుడిచిన చాలును. నీటితో కడుగరాదు.

అటుపిమ్మట మార్చి చూడవలెను. ఈ కార్డును వేరొక కెమెరాలోను, మంచిదని తెలిసిన వేరొక కార్డును ఈ కెమెరాలోను నుంచవలెను. వేరొక కార్డు పనిచేసినచో కెమెరా మంచిది, దోషము కార్డునందున్నది. ఏ కార్డును పనిచేయనిచో కార్డును నిందించి ప్రయోజనము లేదు, కెమెరా గూటిలోని సూదులు వంగియుండవచ్చును. చిన్న మైక్రో కార్డును పెద్ద తొడుగులో నుంచి వాడువారు ముందు తొడుగును మార్చి చూడవలెను. కార్డు చవుకగా దొరకదు గాని తొడుగు దొరకును.

కార్డు, కెమెరా రెండును మంచివే యయ్యు ఒకదాని నొకటి యెరుగకుండుట కలదు. దీనిని కొంత విపులముగ చెప్పవలెను. ఎస్.డి. కార్డు 1999 లో వెలువడినది. ఆ మొదటి జాతి కార్డులు 2 జీబీ వరకు. 2006 లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. జాతి 32 జీబీ వరకు, 2009 లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. జాతి 2 టీబీ వరకు పట్టును. మూడింటి ఆకారము నొక్కటే, గూటిలో నొక్కరీతినే యిముడును. క్రొత్త కెమెరా పాత కార్డును చదువును గాని, పాత కెమెరా క్రొత్త జాతి కార్డును చదువలేదు. 2005 నాటి కెమెరాను బంధువుల నుండి పుచ్చుకొని, అంగడిలో 32 జీబీ కార్డు కొని, కార్డు చెడ్డదని దుకాణదారునితో తగవులాడువారు గలరు. దుకాణదారుని తప్పేమియు లేదు. కార్డుపై ముద్రించిన జాతి పేరును, కెమెరా గూటివద్ద గాని దానితో వచ్చిన పుస్తకమున గాని యున్న జాతి పేరును పోల్చి చూచి కొనవలెను. కంప్యూటరునకు తగిలించు పాత రీడరునకును ఇదియే నియమము.

కంప్యూటరులో ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని ఫార్మాట్ చేసిన కార్డునుగూడ కెమెరా గుర్తింపదు. అట్టిదానిలోని సరకును కంప్యూటరునకు దించుకొని, కెమెరాలోనే మరల ఫార్మాట్ చేయవలెను.

కార్డు ప్రక్కనుండు చిన్న మీట క్రిందికి జారినచో కార్డునకు తాళము పడినట్లే. అప్పుడు పాత చిత్రములు కనబడును గాని క్రొత్తవి తీయుటకు వీలుపడదు. మీటను పైకి నెట్టిన సరిపోవును. అది విరిగిపోయిన కార్డును తాళము పడినదిగనే కెమెరా యెంచును.

చిట్టా మాత్రమే చెడినచో చిత్రములను పైకి తీయు సాధనములు గలవు. ఫోటోరెక్ అనునది ఉచితము. అది చిట్టాను నమ్మక, గోదామంతయు గాలించి, చిత్రముల ఆరంభపు గుర్తులనుబట్టి వానిని ఏరును. ఏరిన చిత్రములను కంప్యూటరులోనే దాచవలెను గాని అదే కార్డుపై దాచరాదు. కంప్యూటరునకుగూడ కార్డు ఏమాత్రము కానరానిచో ఇంటి సాధనములతో సాధ్యము కాదు. నిపుణుల కప్పగింపవలసియుండును, దానికి ఖర్చు మిక్కుటము. చిత్రముల విలువను, ఖర్చును తూచుకొని నిర్ణయించుకొనుట మంచిది.

ఒక హెచ్చరిక. 2016 లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన అమలులోనున్నచోట, వడగండ్లు, ముంపు వంటి స్థానిక విపత్తును 72 గంటలలోపల తెలియజేయవలెనని నియమము. కార్డు బాగుపడిన పిమ్మట తెలుపుదమని కూర్చుండరాదు. సమాచారము ముందు పంపి, కార్డు సంగతి తరువాత చూచుకొనవలెను.

వ్రాయుచున్నట్లు తెలుపు దీపము వెలుగుచుండగా కార్డును లాగుటయు, బ్యాటరీని తీయుటయు చిట్టా చెడుటకు ముఖ్య కారణములు. మరియు 64 జీబీ యని ముద్రించి లోపల 8 జీబీ మాత్రమే గల కపట కార్డులు అంగడులలో తిరుగుచున్నవి. అవి మొదట చక్కగ పనిచేసి, నిండిన పిమ్మట చిత్రములను మ్రింగివేయును. క్రొత్త కార్డును హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అను ఉచిత సాధనముతో నింపి, మరల చదివించి చూచిన నిజము తేలును. ఈ పరీక్ష ఖాళీ కార్డుపై మాత్రమే చేయవలెను. దీనికి గంటల కాలము పట్టవచ్చును గనుక, అది ముగియువరకు దుకాణపు రసీదును పారవేయరాదు.