నెమ్మదించినదని మందు మానవచ్చునా?



మందు చేదనియో, వెల యెక్కువ యనియో మానువారిని మన మెఱుగుదుము. మేలు చేసినదని మానువారును కలరు. అట్టివారిలో మా చెల్లె లొకతె.

మూడేండ్ల క్రిందట ఆమెకు పెద్దప్రేవున వాపు పుట్టి, పుండ్లు పడి, దినమునకు పదిమారులు రక్తవిరేచనము లయ్యెడివి. దీనిని వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అందురు. మెసలమిన్ మాత్రలతో వ్యాధి యణగెను. ఏడాది సుఖముగా గడచినది. అంతట, “నిత్యము మందు మ్రింగు కోడలు” అని యత్తవారింట నెవరో యన్న మాట మనసున నాటుకొని, ఎవ్వరికిని చెప్పక మాత్రలు మానివేసెను. మూడవ నెలలో మా యింటికి వచ్చినపుడు వ్యాధి తిరుగబెట్టినది. మందు పుచ్చుకొనుచున్నావా యని యడిగితిని. “బాగుగనే యున్నది గదా యనుకొంటి నక్కా” అని తల వంచుకొనెను. పండ్రెండు దినము లాసుపత్రిలో నుండవలసి వచ్చెను.

ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యను సామెత కలదు. మా చెల్లెలు ఏరు దాటకయే తెప్పను తగులబెట్టినది.

శరీరమును గాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి ప్రేవులపై బడుటచే నీ వాపు కలుగును. క్రోన్స్ వ్యాధియు నీ జాతిదే. కొలైటిస్ పెద్దప్రేవునకే పరిమితము. క్రోన్స్ నోరు మొదలు గుదము వఱకు నెచ్చటనైనను పుట్టవచ్చును. బాధ తగ్గినను లోపల వాపు మిగిలియుండవచ్చును. అణగినదియు మరల రేగవచ్చును. కావుననే వ్యాధి తగ్గిన పిమ్మటను మందు కొనసాగింతురు.

ఈ చికిత్సకు దారి చూపినది యొక స్త్రీ. స్వీడన్ దేశమున 1937లో కరోలిన్‌స్కా విద్యాసంస్థ యందు ఆచార్యపదవి నందిన నన్నా స్వార్ట్స్ అను వైద్యురాలు, 1940 దశకమున కీళ్లవాతమునకై సల్ఫసలజీన్ అను మందును ప్రయోగించుచు, అది పెద్దప్రేవు వాపునకును మేలుచేయుట గనిపెట్టెను. దానిలో ప్రేవులపై పనిచేయు భాగమే నేటి మెసలమిన్.

ఇక నింట పాటింపవలసినవి. మెసలమిన్ మాత్రకు పైపూత యుండును. అది కరగవలసినది ప్రేవులలో. కావున నలుగగొట్టక, నమలక మ్రింగవలెను. సల్ఫసలజీన్ వలన మూత్రము నారింజరంగు తిరిగినను భయపడవలదు. కాని యొంటిపై దద్దు లేచినను, జ్వరముతో గొంతు నొప్పి పుట్టినను వెంటనే వైద్యునకు జెప్పవలెను. దీనికిని, అజథయోప్రిన్ అను మందునకును రక్తపరీక్షలు తప్పరాదు.

వ్యాధి తీవ్రమైనపుడు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు నిత్తురు. దానిని ప్రాతచీటి చూపి మరల కొనరాదు. వాడుచున్నదానిని హఠాత్తుగా మానరాదు. బయటినుండి స్టెరాయిడు వచ్చుచున్నంతకాలము మూత్రపిండములపైనున్న గ్రంథులు తమ పని తగ్గించుకొనును. అవి తేరుకొనక మునుపే మందు నిలిపిన ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుడు వ్రాసిన మెట్ల చొప్పుననే తగ్గింపవలెను.

తలనొప్పికని, నడుమునొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మీయంతట కొని మ్రింగవలదు. వానిచే వ్యాధి రేగవచ్చును.

గర్భమును గోరు స్త్రీలు ముందుగనే వైద్యుని సంప్రదింపవలెను. మెథోట్రెక్సేట్ శిశువునకు హానికరము గనుక కొన్ని నెలలు ముందే మానిపింతురు. మెసలమిన్ మొదలగు పెక్కు మందులను సాధారణముగా కొనసాగింతురు. భయపడి తానై మానినచో వ్యాధి రేగి, తల్లికిని బిడ్డకును చెఱుపు చేయవచ్చును.

మనము పాల లెక్క క్యాలెండరుపై వ్రాసికొందుము. ఇపుడు మా చెల్లెలు మందు లెక్కయు నట్లే వ్రాయుచున్నది. ఆ గుర్తు ఒకనాడు తప్పినచో నడుగునది వాళ్ల యత్తగారే. మధుమేహమునకు ప్రతిదినము మాత్ర మ్రింగు నత్తగారి నెవ్వరును నిందింపరు. కోడలి మాత్రకును ఆ మన్ననయే యుండవలదా?