ముందు పెరడు, తర్వాత జాతి

వరాలా తలావ్ చుట్టుపక్కల కోడి కూతను సాంచెల చప్పుడు మింగేస్తుంది. అయినా నల్లగొండ, కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి భివండీ వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాలకు కోళ్ల మీద మమకారం పోలేదు. ఇక్కడ ఇంటి పక్కన కాస్త జాగా ఉన్నా, ఊళ్లో పెద్దవాళ్ల పెరడు ఉన్నా, కూరకు పదికోళ్లు పెంచాలనిపిస్తుంది. ఏ జాతివి తేవాలి? పెరడును చూశాకే జాతిని ఎంచాలి.

త్వరగా కండ కావాలంటే బ్రాయిలర్. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. కిలో బరువుకు సుమారు కిలోముప్పావు దాణా చాలు. కానీ అంత వేగంగా పెరిగే ఒంట్లో వేడీ ఎక్కువే పుడుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు; నోరు తెరిచి రొప్పుతూనే వేడి దించుకోవాలి. అందుకే రేకుల కప్పు కింద ఎండాకాలపు మధ్యాహ్నం ముందుగా కూలబడేది బ్రాయిలరే. పైగా అది పురుగుల కోసం తిరగదు, దాణా తొట్టి దగ్గరే కూర్చుంటుంది.

ఆ బ్రాయిలర్ రొమ్ము కండలో మన పందెంకోడి అసీల్ రక్తం ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అసీల్‌ను వేరే కోళ్లతో కలిపి కార్నిష్ జాతిని తయారుచేశారు. నేటి బ్రాయిలర్ల తండ్రి వరస దాని నుంచి వచ్చిందే.

అసీల్ పుంజు బాగా ఎదిగితే నాలుగు కిలోలు దాటుతుంది, అయితే నెలల తరబడి ఓపిక పట్టాలి. వయసు పెరిగేకొద్దీ కండలోని కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి. అందుకే నాటుకోడి ముక్క గట్టిగా ఉంటుంది. సన్నని సెగ మీద ఉడికిస్తే ఆ పోగులే కరిగి పులుసును చిక్కబరుస్తాయి. పెట్ట తానే పొదుగుతుంది కాబట్టి పిల్లల్ని కొననక్కర్లేదు. పుంజుల్ని మాత్రం విడివిడిగా ఉంచాలి, లేకపోతే పొడుచుకుని చస్తాయి.

ఈ రెండింటికీ నడుమ వనరాజా ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే దీన్ని రూపొందించింది. రంగురంగుల ఈకలు, గట్టి కాళ్లు, తిరిగి తినే అలవాటు దీని గుణాలు. మూడు నెలల్లోపే కిలో దాటుతుంది, గుడ్లూ పెడుతుంది. పొదగడం మాత్రం దాదాపు మరిచిపోయింది. ప్రతి విడతకూ పిల్లల్ని కొనాల్సిందే.

ఏ జాతైనా మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి. బల్బు కిందే ముద్దగా చేరితే చలి, దూరంగా జరిగితే వేడి, సమంగా పరుచుకుంటే సరిపోయినట్టు. కొక్కెర తెగులు టీకా తప్పనిసరి. కొంకణ్ వానల్లో నేల మీది ఊకను గుప్పెడు పిసికి చూడండి. ముద్ద కడితే తడి ఎక్కువైనట్టు. రక్తపారుడు రోగం అక్కడే మొదలవుతుంది. వెంటనే మార్చేయండి.

ఇరుకు జాగాలో, నీడా గాలీ ఉండి దాణా కొనగలిగితే బ్రాయిలర్లు నాలుగు చాలు. తిరగడానికి పెరడుంటే వనరాజా తెచ్చుకోండి. పెద్దదిక్కు ఇంటిపట్టున ఉండి, ఏడాదైనా ఆగగలిగే ఊళ్లోని ఇంటికి అసీల్ పెట్ట పంపండి. అది తన పిల్లల్ని తానే సాకుతుంది.