వార్తల్లో పదం: గల్ఫ్ ఎయిర్

బాన్సువాడ నుంచి బహ్రెయిన్‌కు పనికి వెళ్లేవారికి పరిచయమైన పేరే. సెలవుకు వచ్చేటప్పుడు తాళ్లు బిగించి, పైన మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టెలు శంషాబాద్‌లో దిగేది ఇలాంటి విమానాల్లోంచే.

1950లో బ్రిటిష్ పైలట్ ఫ్రెడీ బోస్‌వర్త్ ‘గల్ఫ్ ఏవియేషన్’గా దీన్ని మొదలుపెట్టాడు. మరుసటి ఏడే విమాన ప్రమాదంలో పోయాడు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ సంస్థ బీఓఏసీ ప్రధాన వాటాదారైంది. 1974లో బహ్రెయిన్, ఖతర్, అబుదాబి, ఒమన్ సమాన వాటాలతో సొంతం చేసుకున్నాయి. నాలుగు ప్రభుత్వాలు ఒకే విమాన సంస్థను నడపడం అరుదైన ప్రయత్నం, మెచ్చుకోదగ్గదే. అయితే ఖతర్ ఎయిర్‌వేస్, ఎతిహాద్, ఒమన్ ఎయిర్ వంటి సొంత సంస్థలు రావడంతో పొత్తు సడలింది. 2002లో ఖతర్, 2005లో అబుదాబి, 2007లో ఒమన్ తప్పుకున్నాయి. ఇప్పుడిది పూర్తిగా బహ్రెయిన్ ప్రభుత్వానిదే.